‘మీలో మీరు తేల్చుకోండి’ అన్న తమ ఉత్తర్వు అమలు జరిగిన తీరు

పరిశోధనా విభాగం డీన్ గారి సముఖమునకు,

కాలిన గాయాల ప్రయోగశాలలో తాత్కాలిక శాస్త్రవేత్తగా పనిచేయుచున్న అర్జీదారు మనవి.

అయ్యా,

విషయం: విశ్వవిద్యాలయానికి ఒక్క దరఖాస్తు మాత్రమే అనుమతించిన పరిశోధనా గ్రాంటుకు ఈ ఏడాది ఎవరి పేరూ పంపరాదని తమరు తీసుకున్న నిర్ణయాన్ని రద్దుచేసి, ఈ సాయంత్రం గడువు ముగిసేలోగా నా పేరు పంపవలసిందిగా కోరుట గురించి.

ఈ గ్రాంటు సంగతి తమకు తెలియనిది కాదు. ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి ఒక్క దరఖాస్తే తీసుకుంటారు. రెండు వెళితే రెండూ చెత్తబుట్టలోకే. కాబట్టి ముందు మనలో మనకే పోటీ పెట్టి ఒకరిని ఏరి పంపాలి. ఆ ఏరే పని తమ కార్యాలయానిది. తమరు ఆ పని చేయనందువల్ల ఇద్దరు ప్రొఫెసర్లు ఎముకలు విరిగి ఆస్పత్రిలో ఉన్నారు. వారిలో ఒకరు నా భర్త, ఇంకొకరు నా తోడబుట్టిన అన్న. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మావాళ్లు ఇంటినే రచ్చ చేశారు. నా గోడు ఈ క్రింది విధంగా మనవి చేసుకుంటున్నాను.

1. మా వారు ఏ గొట్టం ఎంత ఒత్తిడికి పగులుతుందో పరీక్షిస్తారు. విద్యార్థులు ఆయన్ని ప్రెషర్ కుక్కర్ అంటారు. ఇంట్లో కూడా ఆ పేరుకు న్యాయం చేస్తారు. మా అన్నయ్య పక్క బ్లాకులో ఇనుప ముక్కను కొట్టిందే కొట్టి, ఎన్నో దెబ్బకు విరుగుతుందో లెక్కపెడతాడు. అతన్ని సుత్తి సారు అంటారు. అతని క్లాసులో కూర్చున్నవాళ్లు ఆ పేరుకు వేరే కారణం చెబుతారు. ఇద్దరివీ పర్మనెంటు ఉద్యోగాలు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది, అదీ కాకపోతే ఆపై ఏడాది అడుక్కోవచ్చు. నాది కాంట్రాక్టు. కాలినవాళ్ల ఒంటినుంచి గోరంత చర్మం తీసి, గాజు పళ్లాల్లో అరచేయంత పెంచి, తిరిగి వాళ్లకే అతికించడం నా పని. ఈ గ్రాంటు నా పేరున రాకపోతే ఈ విద్యా సంవత్సరంతో నా ఉద్యోగం పోతుంది, నా గదికి తాళం పడుతుంది. ఇది వాళ్లిద్దరికీ తెలుసు.

2. తెలిసి కూడా ఇద్దరూ నన్ను దరఖాస్తు పెట్టవద్దన్నారు. నీకేం తక్కువ, నేను సంపాదిస్తున్నానుగా అన్నారు మా వారు. ఒకే ఇంట్లోంచి ముగ్గురం పోటీ పడితే నలుగురూ నవ్వుతారన్నాడు అన్నయ్య. అంతటితో ఆగలేదు. నా రాత బాగుంటుందని ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు, తమ తమ దరఖాస్తులు నా చేతే రాయించుకున్నారు. భార్యగా ఒకటి రాశాను, చెల్లెలిగా ఒకటి రాశాను. ఒళ్లు మండి మూడోది నాకోసం రాసి, ఎవరికీ చెప్పకుండా తమ గుమాస్తాకు ఇచ్చాను. రసీదు ఉంది. ఆ మూడో దరఖాస్తును తమ కమిటీ ఇంతవరకు తెరిచి కూడా చూడలేదని వినికిడి.

3. ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. ప్రతి దరఖాస్తులోనూ భద్రతా జాగ్రత్తల గురించి ఒక పేరా రాయాలి. మా వారి దరఖాస్తులో రాసిన పేరానే, వంట ఆలస్యమవుతోందన్న తొందరలో, అన్నయ్య దరఖాస్తులోనూ అతికించాను. “మా ప్రయోగశాలలో ఏ మనిషికీ ఏ విధమైన హానీ జరగదని హామీ ఇస్తున్నాము” అన్నది అందులో మొదటి వాక్యం. తమ కమిటీ దాన్ని పట్టుకుంది. ఎవరిది ఎవరు కాపీ కొట్టారో విచారించడం తమ బాధ్యత. తమరేమో ఇద్దరికీ కలిపి ఒక కాగితం రాశారు: “మీలో మీరు తేల్చుకుని ఒకరి పేరు తెలియజేయగలరు.” పైగా వాళ్లను సమావేశ గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరకు వేసి, తమరు టీకి వెళ్లారు. ఒకడు పగలగొట్టేవాడు, ఒకడు విరగ్గొట్టేవాడు. వాళ్లను ఒక గదిలో పెట్టి తేల్చుకోమంటే ఎలా తేల్చుకుంటారనుకున్నారు?

4. తేల్చుకున్నారు. దొంగ అన్న మాట మా వారి నోటినుంచి ముందు వచ్చింది. అన్నయ్య టేబుల్ మీది స్టాప్లర్ తీసి విసిరితే మా వారి కనుబొమ చీలిపోయింది. మా వారు కుర్చీ ఎత్తి అన్నయ్య వీపు మీద విరిచారు. గుమాస్తా పరుగున వచ్చి నన్ను పిలుచుకెళ్లేసరికి గాజు తలుపు లేదు, ఆ తలుపు ముక్కల మధ్య అన్నయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. మా వారు అతని రొమ్ము మీద మోకాలు పెట్టి, జుట్టు పట్టి, తల నేలకేసి కొడుతున్నారు.

“చెప్పు బావా, ఎక్కణ్ణుంచి ఎత్తావో చెప్పు,” అంటున్నారు, ఒక్కో దెబ్బకూ ఒక్కో మాట.

మర్యాద తప్పలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. పదేళ్లుగా బావా అని పిలుచుకున్న నోళ్లు చివరిదాకా ఆ పిలుపు మార్చలేదు. ఆ పేరా రాసింది నేను, రెండింట్లోనూ నేనేనని అరిచాను. మా వారు నేను అన్నను కాపాడుతున్నాననుకున్నారు. ముక్కునుంచి నెత్తురు కారుతున్న అన్నయ్య నేను మొగుణ్ణి కాపాడుతున్నాననుకున్నాడు. రెండోదీ నేనే రాసి ఉంటానని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

5. మరునాడు అన్నయ్య తన ల్యాబులోని పెద్ద సుత్తి భుజాన వేసుకుని మా వారి ల్యాబుకు వెళ్లాడు. వరసగా ఒత్తిడి మీటర్లన్నీ పగలగొట్టాడు. ఒత్తిడిలో ఉన్న గొట్టం మీద కూడా ఒక దెబ్బ వేశాడు. దాని మూత ఊడి, మా వారి చెవి అంచును తీసుకుపోయి, ఎదుటి గోడలో దిగింది. రెండంగుళాలు ఇటు జరిగి ఉంటే ఈ అర్జీ వితంతువుగా రాసేదాన్ని. మా వారు ఆ చెవినుంచి నెత్తురు ఓడుతుండగానే అన్నయ్య మీద పడి అతని చూపుడు వేలు కొరికారు. వేలు దక్కింది, గోరు పోయింది. కాపలాదారు జరిగినదంతా రాసి తమకు పంపాడు. దానికి జవాబుగా తమ కార్యాలయం నుంచి ఇద్దరికీ ఒక కాగితం వచ్చింది. పేరు ఇంకా అందలేదని, త్వరగా తెలియజేయవలెనని గుర్తుచేయడమైనదట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే కదా.

6. ఈ అంశాన్ని తమరు నిదానంగా చదవాలని ప్రార్థన. ఆ కాగితం పట్టుకుని ఇద్దరూ నా ప్రయోగశాలకు వచ్చారు. ఆ పేరా ఎవరిదో నా నోటితో చెప్పించాలని. నాదేనని మళ్లీ చెప్పాను. అబద్ధమని ఒకరు కుడి చెయ్యి పట్టి లాగారు, నిజం చెప్పమని ఒకడు ఎడమ చెయ్యి పట్టి లాగాడు. అడకత్తెరలో పోకచెక్కలా నేను మధ్యలో. తర్వాత నన్ను వదిలేసి ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. పట్టుకుని వెళ్లి ఇంక్యుబేటర్ మీద పడ్డారు.

ఇంక్యుబేటర్ అంటే చర్మం పెరిగే వెచ్చని పెట్టె. అందులో ఉన్నది ఒక ఇస్త్రీ పనివాడి చర్మం. ఆవిరి గొట్టం పగిలి అతని వీపంతా కాలిపోయింది. ఎదుటి ఆస్పత్రిలో బోర్లా పడుకుని, ఇంకెన్నాళ్లమ్మా అని నేను వెళ్లినప్పుడల్లా అడుగుతున్నాడు. ఈ వారమేనని మాట ఇచ్చాను. పెట్టె బోర్లాపడింది, పళ్లాలు పగిలాయి, ఆ చర్మం నేలమీద పరుచుకుంది. ఒకరి కాలికి బూటు, ఒకడి కాలికి చెప్పు. రెండూ దాని మీదే. తొక్కకండి, అది మనిషి ఒళ్లు అని అరిచాను. వినలేదు. ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్లు విరగడం ఎక్కడైనా ఉన్నదే. కానీ ఆ ఇస్త్రీ మనిషి ఏ కుమ్ములాటలో ఉన్నాడు?

పక్కనే సీసాలు నిలబెట్టే ఇనుప స్టాండు ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తాను. మొదటి దెబ్బ మా వారి కుడి ముంజేతి మీద, రెండోది అన్నయ్య కుడి భుజం ఎముక మీద. ఇద్దరూ వదిలేశారు. మూడో దెబ్బ అవసరం లేకపోయినా వేశాను. అది ఎవరికి తగిలిందో తెలియదు. ఎముక విరిగే చప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు ఉంటుంది. రాయడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ చప్పుడు వినగానే నాకు హాయిగా అనిపించింది. ఇన్నేళ్ల కాపురంలోనూ, అంతకు ముందు పుట్టింట్లోనూ అంత హాయి ఎరగను.

7. పరస్పర దాడి అని ఆస్పత్రి వాళ్లు రాసుకున్నారు. అది తప్పు. డాక్టరు అడిగితే నా చెయ్యి మా బావ విరిచాడని మా వారు, నా భుజం మా బావ విరిచాడని అన్నయ్య చెప్పారు. నా పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఈ గొడవ మొదలయ్యాక వాళ్లిద్దరి మాట కలిసింది ఆ ఒక్క విషయంలోనే. అది విని వార్డు బయట గోడకు ఆనుకుని ఏడ్చాను. అయినా వాళ్లను క్షమించలేదు.

మంచాలు ఖాళీ లేక ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టారు. మధ్యలో స్టూలు వేసుకుని మా అమ్మ కూర్చుంది. ఒకడు కొడుకు, ఒకడు అల్లుడు. ఎవరికి ముందు ముద్ద పెట్టినా రెండోవాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడని నాతో చెప్పుకుంది. ఏం జరిగిందో అంతా విన్నాక ఒక్క మాట అడిగింది.

“ఇంతకీ నీ కాగితం ఏమైందే?”

ఈ వ్యవహారం మొత్తంలో నన్ను ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే. నేను ఆమెకు జవాబు చెప్పకముందే మా వారు తల అటు తిప్పుకుని నీళ్లు కావాలన్నారు. కాసేపటికి అన్నయ్య కలం అడిగాడు. తాము పోటీనుంచి తప్పుకుంటున్నట్టు ఇద్దరూ ఎడమ చేత్తో సంతకాలు పెట్టారు. ఒక సంతకం పీతలా, ఒకటి జెర్రిలా ఉన్నప్పటికీ అవి వారివేనని ధ్రువపరుస్తున్నాను. కాగితాలు ఇందుకు జతచేశాను.

8. ఆ కాగితాలతో ఈ ఉదయం తమ కార్యాలయానికి వస్తే, ఇంత రచ్చ జరిగాక ఈ ఏడాది ఎవరినీ పంపకపోవడమే క్షేమమని తమరు నిర్ణయించినట్టు గుమాస్తా చెప్పాడు. క్షేమం ఎవరికి? పేరు ఏరాల్సినప్పుడు ఏరలేదు. కొట్టుకుంటున్నప్పుడు ఆపలేదు. ఇప్పుడు మిగిలిన ఒక్క పేరును పంపడానికి మాత్రం తమకు శాంతిభద్రతలు గుర్తుకొచ్చాయి. పుండు ఒకచోట ఉంటే మందు ఒకచోట రాయడం అంటే ఇదే.

నేను చేసినదానికి శిక్ష వద్దని కోరడం లేదు. పోలీసులకు చెప్పదలిస్తే చెప్పండి, నేనే వెళ్లి ఆ స్టాండు అప్పగిస్తాను. కానీ దరఖాస్తు పంపాక చెప్పండి. ఆ ఇస్త్రీ పనివాడి తొడనుంచి నిన్న మళ్లీ గోరంత చర్మం తీశాను. తీస్తున్నప్పుడు పళ్లు బిగించాడు గానీ, మొదటిది ఏమైందని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆ చర్మం ఇప్పుడు పక్క విభాగం వాళ్లు దయతలిచి ఇచ్చిన అరలో పెరుగుతోంది. విద్యా సంవత్సరం ముగిశాక దాన్ని ఎక్కడ పెట్టుకోను? నా ఇంట్లో ఫ్రిజ్జులోనా?

కావున తమరు దయతో పై సంగతులన్నీ, ముఖ్యంగా ఆరవ అంశాన్ని, చిత్తగించవలెను. చిత్తగించడానికి తీరిక లేకపోతే కనీసం సంతకం చేయవలెను.

ఇట్లు,
ఈ సాయంత్రం గడువు వరకు తమ విధేయురాలు,
అర్జీదారు

తాజా కలం: అయ్యా, గుమాస్తా ఈ అర్జీ లోపలికి తీసుకెళ్లనన్నాడు. సారు పనిలో ఉన్నారు, రేపు రమ్మన్నాడు. రేపటికి గడువు ఉండదని చెప్పాను. మాకేం తెలియదమ్మా అని భోజనానికి వెళ్లిపోయాడు. అందుకని తలుపు కిందినుంచి తోస్తున్నాను. నేను తమ గది ముందు బల్ల మీదే కూర్చున్నాను. తమరు లోపల ఫోన్లో నవ్వుతున్నది వినబడుతోంది. బయటికి రావడానికి ఈ తలుపు ఒక్కటే ఉంది. ఇనుప స్టాండు తేలేదు, ఆ విషయంలో తమరు భయపడనక్కర్లేదు. ఇక్కడ గోడకు మంటలార్పే సిలిండరు ఒకటి తగిలించి ఉంది, చాలా బరువుగా ఉంది, ఇందాకే దించి చూశాను. మళ్లీ గోడకు తగిలించలేదు. తమరికన్నా ముందు నాకే భయంగా ఉంది. దయచేసి తలుపు తీయకముందే సంతకం చేయండి.