తమ్ముని వల

శుక్రవారం, కొల్లాపూర్

ఇయ్యాల మా తమ్ముడు మల్లేశు ఏసిన అలివి వలను నేనే కోసిన. వడ్లగింజంత చేపపిల్లల్ని సుత కృష్ణలకెల్లి ఊడ్చే వల అది. వద్దని మా మత్స్యకారుల సంఘం ఎన్నిసార్లు చెప్పినా వాడు ఇనలే. పొద్దుగాల పుట్టి వేస్కొని పోయి కొడవలితోని అడ్డంగ కోసిన. పిల్లలన్నీ మళ్ల నీళ్లల్ల పడ్డయి.

"అక్కవా, పగదానివా?" అని మల్లేశు ఉరికొచ్చి నా మీదికి తెడ్డు లేపిండు.

"కొట్టు. గిట్ల ఊడిస్తే ఎండకాలం ఏం పడ్తవ్‌రా, ఇసుకనా?" అన్న.

కొట్టలే. "నువ్వు సచ్చినా నీ మొకం చూడ" అన్నడు.

"చూడకు" అన్న.

రాత్రైంది, కోపం ఇంక పోలే. ఆ వల వాడు కొన్నది గాదు, చేపలు కొనే సేటు ఇచ్చింది. ఆయన మనుషులు వాన్ని తంతరేమో. తన్ననీ. మళ్ల ఏస్తే మళ్ల కోస్త. కని తలుపు గడియ పెట్టబుద్ధి అయితలేదు, దెబ్బలు తిని వాడు ఈడికే వస్తడేమో...