నువ్వు పంపిన గొంగళిపురుగుల సంగతి

కిట్వే, బుధవారం

అమ్మా,

అందరం బాగానే ఉన్నాం, కంగారు పడకు.

నిన్న నీ తమ్ముడు భోజనానికి వచ్చాడు. మొక్కజొన్న ముద్ద కెలికి, టమాటాలు తరిగి, నువ్వు ఎంపీకా నుంచి పంపిన ఎండు గొంగళిపురుగులు వేయిద్దామని డబ్బా తీశాను. ఒక్కటంటే ఒక్కటి లేదు! ఎలుకల్ని తిడుతుంటే నీ మనవరాలు కసూబా వచ్చి, "పెరట్లో పాతానమ్మా, రోజూ నీళ్ళు పోస్తున్నా" అంది.

పోయిన నెల నిమ్మచెట్టు పురుగును పిల్లల చేత సీసాలో పెంచించాను. అది సీతాకోకచిలుకై కసూబా వేలి మీంచే ఎగిరిపోయింది. మీ వైపువి మట్టిలో దూరి రెక్కలు తెచ్చుకుంటాయని చెప్పిందీ నేనే. కానీ ఇవి నువ్వు పేగులు పిండి, ఉడకబెట్టి ఎండేసినవి!

"అవి చచ్చిపోయాయే పిచ్చిదానా!" అన్నాను.

"సీసాలోది కూడా చచ్చినట్టే పడుంది కదమ్మా?"

మామయ్య ఉత్త ఆకుకూరతో తిని, "మొలకెత్తాక కబురు పెట్టండి" అని వెళ్ళాడు. "మొలకెత్తవు తాతా, ఎగురుతాయి" అని గుమ్మం దాకా వెళ్ళి మరీ చెప్పింది.

నీ మోకాలు ఎలా ఉంది? వేరుశనగకాయలు పంపు. గొంగళిపురుగులు ఇప్పుడే వద్దు.

పొద్దున్న కసూబా ఆ మట్టి పక్కనే కూచుని, "వీటికి అమ్మమ్మ ఊరి దారి తెలుసా?" అని అడిగింది. తెలుసనేశాను. జవాబు రాసేటప్పుడు, వచ్చి చేరాయని ఒక్క ముక్క రాయమ్మా.

ఇరుగుపొరుగు పెద్దలకు నా దండాలు.

నీ కూతురు,
చోలా