ఆదివారం ఆయన్ని పాడనివ్వకండి

మారేడ్‌పల్లి,
గురువారం.

పాస్టరయ్యగారికి వందనాలు.

ఫోన్ చేస్తే మా ఆయన వింటారని ఈ ఉత్తరం రాసి, పక్కింటి సలోమి చేతికిచ్చి పంపుతున్నాను.

మీరు ప్రార్థన చేసి పంపారు, ఆయన కంటి ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ ఇంటికొచ్చాక ఆయన బీపీ మాత్రలు మానేశారు. అడిగితే, "కంట్ల చుక్కలేస్తున్న గద, మల్ల గోళీలు సుత ఎందుకు?" అన్నారు.

నిన్న పొద్దున, ఆదివారం ఆరాధనలో పాడాల్సిన క్వయర్ పాట గొంతెత్తి సాధన చేస్తూ ఉన్నట్టుండి ఆగిపోయారు. "ఏందీ, కంటికి నల్లగ పొగ లెక్క అడ్డమొస్తున్నది" అన్నారు. ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం. బీపీ రెండు వందలు దాటింది. కంటి లోపల రక్తం కారిందట. "ఇప్పటికైతే చూపు దక్కింది. బీపీ తగ్గేదాకా గట్టిగా పాడొద్దు, బరువులెత్తొద్దు. మళ్ళీ కారితే ఏమీ చెప్పలేం" అన్నారు డాక్టరమ్మ.

మాత్రలు ఇప్పుడు నా ఎదుటే వేసుకుంటున్నారు. పాట మాత్రం మాననంటున్నారు. "జెర మెల్లగ పాడుతా, నువ్వు పరేషాన్ కాకు" అంటారు. ఆయనకు మెల్లగా పాడటం ఎక్కడొచ్చు, అయ్యగారూ?

నా మాట వినరు. ఆదివారం పాడొద్దని మీరే చెప్పండి. నేను రాశానని మాత్రం చెప్పకండి.

పైకి ధైర్యంగానే ఉన్నారు. కానీ ఈ పొద్దున నేను బీపీ చూస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "నీ ముఖం మంచిగనే కనిపిస్తున్నది" అన్నారు. నేనేమీ అడగలేదు. కాసేపాగి మళ్ళీ అదే మాట అన్నారు. ఆ తర్వాతే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

మీ సంఘపు బిడ్డ,
లూకా భార్య