ఒక్కపొద్దు నాటి గోలీ

యాదమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బీపీకి మూడు గోలీలా అని సతాయించేదానివి కదా, ఇప్పుడా మూడు మందులూ ఒకే గోలీలో వస్తున్నాయి. శంషాబాద్ దవాఖానలో నీ చెల్లెలికి అదే ఇచ్చారు. మన నెత్తిమీదుగా రోజూ ఇన్ని విమానాలు దిగుతాయి, ఈ గోలీ ఒక్కటి ఏడాది ముందు దిగలేకపోయింది!

ఇవాళ శనివారం. "ఒక్కపొద్దు ఉన్న బావా, గోలీ మింగితే పొద్దు చెడుతది. అయినా బీపీ తగ్గింది గద, ఇగ ఎందుకు?" అంది నీ చెల్లెలు. అచ్చం నీ మాటలే.

"తగ్గింది గోలీతోనే! మీ అక్క గిట్లనే శనివారాలు ఎగ్గొట్టి పక్షవాతంతోని పోయింది. మింగు!" అని అరిచాను. నీళ్లిచ్చి, మింగేదాకా కదల్లేదు.

"అక్కకు గిట్లనే నిలబడి మింగించినవా?" అని అడిగింది.

లేదు. నీ ముందు డబ్బీ పెట్టి, నేను పేపరు చదువుకునేవాణ్ణి.