ఖట్కా మీద ఆకురాయి

కట్టంగూరు,
తారణ సంవత్సరం, శ్రావణ బహుళ తదియ.

చిరంజీవి అల్లుడు మారయ్యకు నీ మేనమామ కాటమయ్య మనసారా దీవించి రాసేది. ఇక్కడ ఇంటిల్లిపాదీ కులాసాగానే ఉన్నాం. షోలాపూరులో నువ్వు కూడా వేళకు ఇంత తిని, ఒళ్లు బాగా చూసుకుంటున్నావని అనుకుంటాను.

నీ ఉత్తరం పోయిన బుధవారం అందింది. నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా చెబుతాను. మీ అమ్మ నర్సింగమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయి. తగ్గిన మర్నాడే నాట్లకు పోయింది. వద్దని చెప్పి చూశాను. మా అక్క నా మాట ఏనాడు విన్నది గనుక! మేక రెండు పిల్లల్ని ఈనింది, రెండూ పోతులే. వానలు సమయానికి పడ్డాయి. కర్రులకు పదును పెట్టించుకునే వాళ్లతో కొలిమి ముందు నిలబడే జాగా లేదు. మా అమ్మాయి గుర్వమ్మ తిత్తి ఊదుతోంది. నీ మీద బెంగనంతా ఆ తిత్తి మీదే తీర్చుకుంటోంది. అది ఇట్లాగే ఊదితే నా బొగ్గులు శ్రావణం దాటేలా లేవు.

ఇక్కడి మిల్లు కావలి కురుమయ్య కాలు సంగతి అడిగావు. పుండు మానింది. బొటనవేలు మాత్రం పోయింది. కర్ర లేకుండా నడుస్తున్నాడు గానీ గట్ల మీద జర తడబడుతున్నాడు.

అక్కడ నీ బట్టల మిల్లులోనే పనిచేసే ఇస్రాయేలు సెలవు మీద వచ్చి రెండు సంగతులు చెప్పాడు. నీకు మగ్గం ఇస్తామని మేస్త్రీ పిలిస్తే, నా చేతిని నేను నమ్మలేనని చెప్పి ఊడ్చే పనిలోనే ఉండిపోయావట. రాత్రిళ్లు తలుపు గడియ వేశావో లేదోనని మూడేసి సార్లు లేస్తున్నావట. విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఇక నీ అసలు ప్రశ్న. "మామా, నువ్వు ఇనుము ఎరిగినోడివి. పిస్తోలుకు ఖట్కా పెట్టినట్టే నాకు యాదికున్నది. పెట్టిన్నో లేదో నువ్వే చెప్పు" అని రాశావు. దీనికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఫాల్గుణంలో పల్లికాయ మిల్లు సేటు పిస్తోలు నడుముకు కట్టుకొని, ఆయన బండి వెంట తిరిగేవాడివి. ఆ రోజు ఖట్కా పెట్టాననే నువ్వన్నావు. పట్టా విప్పి మేకుకు తగిలించబోతే చెయ్యి జారింది. పిస్తోలు బండ మీద పడి పేలింది, కురుమయ్య కాలికి తగిలింది. ఖట్కా ఉన్నదే అట్లా పడితే పేలకుండా ఆపడానికి. కాబట్టి నువ్వు పెట్టలేదని సేటు అన్నాడు, ఊరంతా అన్నది. నిన్ను పనిలోంచి తీసేశారు. చివరికి నువ్వూ వాళ్ల మాటే నమ్మావు.

పోయిన వారం, నీ జాగాలో సేటు పెట్టుకున్న కొత్త మనిషి ఆ పిస్తోలును నా దగ్గరికి తెచ్చాడు. ఖట్కా పెట్టినా మీట కదులుతోందట. ముందు తూటాల డబ్బీ ఊడదీశాను. మన నాటు తుపాకికి ఒక్కటే మందు, ఒక్కటే గుండు. ఈ సీమ పిస్తోలు తనంతట తాను తూటా ఎక్కించుకునే రకం. డబ్బీ తీసినా గొట్టంలో ఒకటి మిగిలిపోవచ్చు. అందుకని గొట్టం మీది కప్పు వెనక్కి లాగి, వెలుతురుకు పట్టి చూసి, వేలితో కూడా తడిమాను. ఖాళీ. ఖట్కా పెట్టి పదిసార్లు మీట నొక్కాను. ఏడుసార్లు ఆగింది, మూడుసార్లు లోపలి సుత్తి టక్కుమని పడింది.

విప్పి చూస్తే లోపల నల్లటి బంక. పిస్తోలుకు నూనె పట్టించమంటే సేటు ఇంట్లో ఆముదం పట్టించేవారు. అది ఎండి, మిల్లు దుమ్ము కలిసి జిగురయింది. గ్యాసునూనెతో కడిగి ఆరబెట్టాను. ఖట్కా చిటికెనవేలితో కదిలింది. రోగం కుదిరిందని చుట్ట కూడా ముట్టించాను. మళ్లీ పదిసార్లు నొక్కితే ఈసారి నాలుగుసార్లు పడింది. బిగుతు పోయేసరికి జబ్బు ఇంకా ఎక్కువైంది.

అప్పుడు ఖట్కా ముక్కను బయటికి తీశాను. చింతగింజంత ఉంటుంది. మీటను ఆపాల్సిన అంచు అరిగిపోయి ఉంది. వాడకానికి అరిగిన ఇనుము నున్నగా మెరుస్తుంది. దీని మీద ఏటవాలుగా ఒక లోతు గీత ఉంది. నా సన్న ఆకురాయికి ఒక పన్ను వంగి పైకి లేచింది, నీకు తెలుసు. అది ఎక్కడ రాకినా ఆ గీతే పడుతుంది.

పుష్యమాసంలో సేటు ఆ పిస్తోలు పంపి, ఖట్కా బిగుతుగా ఉంది, కొంచెం నున్నగా చెయ్యమన్నాడు. లడాయి మూలంగా దీపాలకే గ్యాసునూనె చుక్క దొరకని రోజులు. నా దగ్గర గిన్నెడు ఉంటే దాన్ని దాచుకున్నాను. కడగాల్సినదాన్ని రాకాను. తలుపు తాళం నాలుక బిగుతుగా ఉంటే ఎట్లా రాకుతామో అట్లాగే రాకాను. తాళానికి నున్నగా కదలడమే గుణం. పిస్తోలు ఖట్కాకు పట్టి ఆపడమే గుణం. అది నాకు తోచలేదు.

ఇంకొకటి ఉంది. చెప్పకపోతే ఈ ఉత్తరం దండగ. పిస్తోలు పేలిందని విన్న రోజే నాకు నా ఆకురాయే గుర్తొచ్చింది. అయినా నోరు మెదపలేదు. సీమ పిస్తోలు బాగు చేసిన కమ్మరి అని నాలుగూళ్లలో నాకు పేరొచ్చింది, ఆ పేరు మీద నాకు మోజు. నువ్వు బట్టలు మూట కట్టుకుంటుంటే గుమ్మంలో నిలబడి, ఇకనైనా జాగ్రత్తగా ఉండమని నీకే బుద్ధి చెప్పాను. ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

మొన్న ఆ ముక్కను చేతిలో పెట్టుకొని మిల్లుకు పోయి, కాటా దగ్గర అందరి ముందూ చెప్పాను. పోయిన ఇనుమును నేను తిరిగి అతకలేను, కంపెనీ ముక్క వచ్చేదాకా దీన్ని విప్పే ఉంచమన్నాను. మిల్లు పని ఇకమీద నాకు రాదని సేటు కొత్త మనిషితో చెప్పించాడు. కురుమయ్య మాత్రం నా దగ్గరికి వచ్చి, "ఐదు నెలల సంది మారయ్యను తిట్టుకుంట కూసున్న. గా తిట్లన్ని నీయే గాదె కాటమయ్యా" అన్నాడు. నావేనని ఒప్పుకున్నాను.

గుర్వమ్మకు అంతకుముందే చెప్పాను. రెండు రోజులు తిత్తి ఊదింది గానీ నా ముఖం చూడలేదు. నిన్న అన్నం పెడుతూ, "బాపూ, గాయిన చెయ్యి ఖట్కా పెట్టుడు మర్వలేదని మొదాలు రాయి. మిగిలినయి ఎన్కకు రాసుకో" అన్నది. మొదట రాయమన్నది నేను చివరికి తెచ్చాను. నా పిరికితనం నీకిప్పుడు తెలిసింది గదా.

నువ్వు ఖట్కా పెట్టావు, మారయ్యా. నీకు యాదికున్నదే నిజం. ఈ ఉత్తరంతో పాటు ఆ ఆకురాయి కూడా ఇస్రాయేలుకు ఇచ్చి పంపుతున్నాను. ఏ ఇనుప ముక్క మీదనైనా ఒకసారి రాకి చూడు, ఆ గీత నీకే కనబడుతుంది. మేస్త్రీని అడిగి మగ్గం తీసుకో. నన్ను క్షమించడమో, మానడమో నీ ఇష్టం, దానికి తొందర లేదు. ఈ రాత్రి మాత్రం గడియ ఒక్కసారే వేసి పడుకో.

ఇట్లు,
నీ మేనమామ
కాటమయ్య