మేమున్నామనడానికి ఆధారాలు

గౌరవనీయులైన ‘మంచి మరణం’ సహోదర సంఘం పెద్దగారికి,

నమస్కారాలు. నేను విశ్వవిద్యాలయం చరిత్ర శాఖలో పరిశోధన చేస్తున్న విద్యార్థినిని. బిషప్పుల గురించి, పేరున్న గురువుల గురించి పుస్తకాలు బోలెడున్నాయి. సామాన్య కతోలిక జనం ఎలా మొక్కుకున్నారు, ఏం పాడుకున్నారు, తమలో తాము సంఘాలు కట్టుకుని పోయినవాళ్లని ఎలా సాగనంపారు అన్నది మాత్రం ఎవరూ సరిగా రాయలేదు. దానికి ఆధారాలు సేకరిస్తున్నాను.

మీ సంఘం నియమాల పుస్తకం, ఊరేగింపు జెండాలు, పాత ఫోటోలు, శవం వెంట మీరు పాడే పాటలు, మొక్కు తీరినవాళ్లు చర్చి గోడకి వేలాడదీసిన మైనపు చేతులూ కాళ్లూ, ఇవన్నీ చూడనిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు. అన్నిటికన్నా ముఖ్యంగా మీ సంఘానికి మూడు తాళాల పెట్టె ఒకటుందనీ, పాత లెక్కలూ పేర్లూ అందులోనే ఉంటాయనీ విన్నాను.

మీ చర్చిలోనే ఉన్న ‘దీపాల సంఘం’ పెద్దగారికీ ఇలాగే రాస్తున్నాను. శవం ముందు ఎవరు నడవాలన్న దాని మీద మీ రెండు సంఘాలకీ ఏళ్ల తరబడి తగాదా ఉందట. నా పరిశోధనకి అది చాలా పనికొస్తుంది.

మీ జవాబు కోసం ఎదురు చూస్తూ,
చరిత్ర విద్యార్థిని

తా.క. పెట్టె తాళంచెవులు పోయి ఉంటే కంగారు పడకండి. తాళం పగలకుండా తెరిచేవాళ్లు మా శాఖలో ఉన్నారు.

*

పరిశోధన చేస్తున్న అమ్మాయికి,

సంఘం పెద్ద, శవపేటికలు చేసే వడ్రంగి రాయించేది. నాకు కంటి ఆపరేషన్ అయింది. చదివేదీ రాసేదీ మా కోడలే.

మీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. రెండోసారి ఇంకా అనుమానంగా ఉంది. ఆధారాలు కావాలన్నారు. ఏ కేసులో? మేం చేసేది ఒక్కటే పని. నా అన్నవాళ్లు లేకుండా పోయినవాళ్లని మా భుజాల మీద మోసుకెళ్లి మట్టి చేస్తాం. దానికి సాక్ష్యం కావాలంటే సమాధుల తోటకెళ్లి వాళ్లనే అడగండి. ఇంతవరకూ ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు.

దీపాల సంఘం పెద్దకి కూడా రాశానన్నారు. అక్కడ దొరికిపోయారు. ఆయన కొవ్వొత్తులు పోసే మనిషి, నాకు స్వయానా వియ్యంకుడు. ఆయన కూతురే మా కోడలు. పిల్లలు ఇష్టపడ్డారని పెళ్లి చేశాం గానీ మా ఇద్దరికీ మాటల్లేవు. ముందు జెండా నడవాలని నేను, దీపం నడవాలని ఆయన. పెళ్లి ఫోటోలో కూడా ఆయన ఒక గోడని చూస్తుంటాడు, నేను ఇంకో గోడని చూస్తుంటాను. ఇప్పుడు చదువుకున్నవాళ్లని నా మీదికి ఉసిగొల్పే దాకా వచ్చాడన్నమాట.

నియమాల పుస్తకం ఉందో లేదో నేను చెప్పను. పెట్టె సంగతి అసలే చెప్పను. అది మా మంచం కింద మాత్రం లేదు.

మీ వ్యవహారమంతా ఈ ఆదివారం మా విచారణ గురువుగారి ముందు పెడుతున్నాను.

ఇట్లు,
సంఘం పెద్ద

తా.క. తాళాలు పగలకుండా తెరిచేవాళ్లకి చరిత్ర శాఖలో ఏం పని?

మరో తా.క. ఇది మామయ్యగారు చెప్పింది కాదు, కోడలిని నేను రాస్తున్నాను. ఆయనకి తిరిగి చదివి వినిపించేటప్పుడు ఈ ముక్క దాకా రాకుండా ఆగిపోతాను. ఆయన చెప్పింది చెప్పినట్టే రాశానండీ. తిట్లు మాత్రం తీసేశాను.

*

గౌరవనీయులైన సంఘం పెద్దగారికి,

భయపడుతూనే నమస్కరిస్తున్నాను. నా మీద విచారణ దేనికండీ? దానికోసం ప్రత్యేకంగా ఒక గురువుగారు కూడా ఉన్నారా? నేను ఏ కేసూ పెట్టలేదు, ఎవరి మీదా చాడీలు చెప్పలేదు. నేనూ జ్ఞానస్నానం పొందినదాన్నే.

చరిత్రలో ఆధారం అంటే నేరానికి సాక్ష్యం కాదండీ. ఒక కాలంలో మనుషులు ఇలా బతికారని చెప్పేది ఏదైనా ఆధారమే. మీ జెండాకి అంచు ఊడిపోతే ఎవరో ఇంకో రంగు దారంతో కుట్టి ఉంటారు చూడండి, ఆ కుట్టు కూడా నాకు ఆధారమే.

మీ వియ్యంకుడుగారు నన్ను పంపలేదు. నన్ను పంపింది మీరేనని ఆయన నాకు ఘాటుగా జవాబు రాశారు.

ఇంకో సంగతి. మీకు రాయకముందు బిషప్పుగారి కార్యాలయంలో పాత కాగితాల గదికి వెళ్లాను. అక్కడ సంఘాల పేర్లన్నీ వరసగా రాసి పెట్టారు. మీ సంఘం పేరుకి ఎదురుగా ‘అంతరించినది’ అని ఉంది. దీపాల సంఘానికీ అంతే. అందుకే మీ ఉత్తరం చూసేసరికి నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

భవదీయురాలు,
చరిత్ర విద్యార్థిని

తా.క. ఇది కోడలుగారికి మాత్రమే. ఆ తీసేసిన తిట్లు విడిగా రాసి పంపగలరా? అవి కూడా ఆధారాలే.

*

అమ్మాయికి,

అంతరించిపోయిన వడ్రంగి రాయించేది.

ముందు ఒక మాట. విచారణ అంటే మా చర్చి పరిధిలో ఉన్న పేటలన్నీ కలిపి. దానికి పెద్దదిక్కు విచారణ గురువుగారు. జ్ఞానస్నానం పొందినదానికి ఇది తెలియదా? సిటీలో ‘పారిష్’ అంటారని మా కోడలు మీ తరఫున వకాల్తా పుచ్చుకుంది. ఆమె మీద కూడా నాకు అనుమానంగానే ఉంది.

ఇక అసలు విషయం. ‘అంతరించినది’ అని కోడలు చదవగానే చేతిలో ఉన్న చిత్రిక కింద పడేశాను. నిన్నగాక మొన్న ఒక ముసలాయన్ని మోసి వచ్చిన భుజం నొప్పి ఇంకా తగ్గలేదు, నేను పోయానట! ఆ కోపంలో ఎటు నడుస్తున్నానో చూసుకోలేదు. చూసుకునేసరికి మా వియ్యంకుడి కొట్లో ఉన్నాను. ఇన్నేళ్లలో ఆ గడప తొక్కడం అదే మొదలు. మైనం కాగుతోంది. ఆయన వత్తులు వరసగా కర్రకి కడుతున్నాడు. తల ఎత్తకుండానే, ఎవరో బేరానికొచ్చారనుకుని అడిగాడు.

“ఏం కావాలి?”

“నువ్వు చచ్చిపోయావట” అన్నాను.

ఆయన అప్పుడు తల ఎత్తాడు. “నువ్వూ పోయావట కదా. నాకూ ఉత్తరం వచ్చింది.”

“ఆ పిల్ల నీ మనిషి కాదూ?”

“నీ మనిషి అనుకున్నా.”

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. మీరు ఆయన మనిషీ కాదు, నా మనిషీ కాదు. బిషప్పుగారి ఆఫీసు మనిషి! మేం నిజంగా పోయామో లేదో చూసి రమ్మని పంపారు. పోయిన సంఘానికి పెట్టెందుకు, జెండా ఎందుకు అని అన్నీ పట్టుకెళ్లి ఏ అద్దాల బీరువాలోనో పెడతారు. కింద చీటీ అంటిస్తారు. ఇద్దరం ఆలోచించి పెట్టె చోటు మార్చేశాం. గోడ మీది మైనపు చేతులూ కాళ్లూ కూడా దించి దాచేశాం. ఇక మీరు వచ్చినా ఏమీ దొరకదు.

మీరెవరో తేలేదాకా మా జవాబులు ఇంతే.

ఇట్లు,
బతికే ఉన్న
సంఘం పెద్ద

తా.క. ఆయన ఒప్పుకుంటే మా ఇద్దరి ఫోటో ఒకటి పంపిస్తాం. ఎవరు కుడివైపు నిలబడాలో తేలడం లేదు.

మరో తా.క. కోడలిని. మైనపు చేతుల్ని మా నాన్న కొట్లో అటక మీద దాచారండీ. సరిగ్గా కింద మైనం కాగుతుంటుంది. ఆ సెగకి ఒక చేతి వేళ్లు కలిసిపోయి పిడికిలి అయింది. అది మీకు తప్పకుండా చూపించాలని మామయ్యగారు పట్టుదలగా ఉన్నారు. మీరడిగిన తిట్లు వేరే కాగితం మీద రాసి జతచేశాను. నాన్నవీ మామయ్యగారివీ కలిసిపోయాయి. ఏది ఎవరిదో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

*

పెద్దగారికి,

నమస్కారాలు. ఈసారి మీకన్నా నేనే ఎక్కువ చిక్కుల్లో ఉన్నాను.

మీ ఉత్తరాలూ మీ వియ్యంకుడిగారి ఉత్తరాలూ మా గైడుగారి ముందు పెట్టాను. సంతోషిస్తారనుకున్నాను. ఆయన వాటిని బల్ల మీద పక్కపక్కన పరిచి, భూతద్దం తీసి, చాలాసేపు చూశారు. తర్వాత నన్ను కూర్చోమన్నారు.

“అంతరించిన సంఘాలు ఉత్తరాలు రాయవమ్మా” అన్నారు.

“అంతరించలేదండీ, రాస్తున్నారు కదా” అన్నాను.

“ఎవరు రాస్తున్నారు? ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు ముసలివాళ్లు, ఇద్దరిదీ ఒకటే చేతిరాత! ఇద్దరూ ‘ళ’ని తోక తిప్పి ఒకేలా రాస్తారు. పైగా తిట్ల కాగితం ఒకటి, అదీ అదే రాత. ఆధారాలు దొరక్కపోతే దొరకలేదని చెప్పాలిగానీ, ఇంట్లో కూర్చుని రాసుకోకూడదు.”

మీ కోడలుగారు రెండు ఇళ్లకీ రాస్తున్నారేమోనని నాకప్పుడే తట్టింది. చెప్పాను. “ఆ కోడలికి ఆధారం ఏదీ?” అన్నారు.

వచ్చే వారం కమిటీ ముందు నిలబడాలి. అక్కడ జరిగేది మాత్రం మీరనే విచారణ కాదండీ, నేను భయపడ్డ విచారణే. దొంగ ఆధారాలు పుట్టించానని తేలితే నా చదువు ఇంతటితో సరి. నాకు పెట్టె వద్దు, పుస్తకం వద్దు. మీరున్నారని ఏదో ఒకటి పంపండి చాలు.

మీరు నమ్మినా నమ్మకపోయినా,
చరిత్ర విద్యార్థిని

తా.క. కోడలుగారూ, తిట్ల సంగతి పైన రాయక తప్పలేదు. ఆ ముక్క మింగేసి చదవండి. నన్ను క్షమించండి.

*

అమ్మా,

ఈ నాలుగు ముక్కలూ నా చేత్తో నేనే రాస్తున్నాను. కన్ను మసక. అక్షరం వంకర. మీ గైడుగారికి చూపించు.

ఇక్కణ్నుంచి కోడలు రాస్తుంది. నీ ఉత్తరం మా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి చదివింది. తిట్ల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మింగేద్దామనుకుందట, గొంతు దిగలేదు. మొత్తం చెప్పేసి ఏడ్చింది. మేం తిడదామనుకున్నాం గానీ, మా తిట్లన్నీ అప్పటికే మీ ఊరు చేరాయి కదా.

నిన్ను నమ్మాలా వద్దా అని మేం ఇంకా తేల్చుకోకముందే మా పేటలో ఇస్త్రీ అవ్వ పోయింది. వీధి చివర చిన్న గదిలో అందరి బట్టలూ ఇస్త్రీ చేసేది. ఎవరూ లేరు. పొద్దున బొగ్గు రాజేయడానికి లేవలేదు. పేటిక నేనే చేశాను. మోసే వేళకి చూస్తే మా సంఘంలో లేవగలిగినవాళ్లు తక్కువ. ఒకడికి నడుం పట్టేసింది, ఒకాయన ఆసుపత్రిలో ఉన్నాడు. ఈ మాట నీ మొదటి ఉత్తరానికే చెప్పాల్సింది, సిగ్గేసి చెప్పలేదు. నీకు భయపడింది కూడా అందుకేనమ్మా. ఆ ఆఫీసువాళ్లు రాసింది పూర్తిగా అబద్ధం కాదు.

మా వియ్యంకుడు దీపం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా వంక చూశాడు. దీపం కిటికీలో పెట్టేసి వచ్చి పేటిక కుడివైపు మూల కింద భుజం పెట్టాడు.

“పట్టు బావా” అన్నాడు.

నేను జెండా గోడకి ఆనించాను. ఎత్తాం. వెనక మూల ఒరిగింది. పడుతుందనుకున్నాను. అంతలో ఎవరో వచ్చి దాని కింద దూరారు, సమంగా నిలిచింది. నాకు కన్ను మసక కదా, ఎవరో కుర్రాడనుకున్నాను. సమాధుల తోటలో దించాక చూస్తే మా కోడలు. మా సంఘంలో ఆడవాళ్లు మోసే ఆనవాయితీ లేదు. అక్కడ ఎవరూ ఏమీ అనలేదు. ‘ఇది రాయించొద్దు మామయ్యా’ అంటోంది కోడలు. రాయమ్మా, అది కూడా రాయి.

ఆ రోజు అవ్వ ముందు జెండా లేదు, దీపం లేదు. దారి మాత్రం ఎవరూ తప్పలేదు.

తిరిగొచ్చాక రెండు సంఘాలూ ఒకటి చేద్దామనుకున్నాం. విచారణ గురువుగారు మేం మళ్లీ మనసు మార్చుకుంటామేమోనని వెంటనే ‘సరే’ అన్నారు. చిక్కల్లా పెద్ద ఎవరన్న దగ్గర వచ్చింది. ఆయన పెద్ద అయితే నేను రాను. నేనైతే ఆయన రాడు. మిగిలినవాళ్లలో ఎవరి పేరెత్తినా ‘వాడు నీ మనిషి’ అని ఒకరి మీద ఒకరం లేచాం. చివరికి మా కోడలు నీ పేరు చెప్పింది. ఇద్దరం ఆలోచించాం. వంక దొరకలేదు. మేమిద్దరం సమానంగా అనుమానించే మనిషివి నువ్వొక్కదానివే.

అందుకని నిన్ను సంఘం పెద్దగా ఎన్నుకున్నాం. బరువైన పనేం కాదు. మోసేవాళ్ల ముందు నడుస్తూ చేతిగంట కొట్టాలి. మట్టి వేసే ముందు పోయినవాళ్ల పేరు గట్టిగా చెప్పాలి. వాళ్ల పేరు పిలిచేవాళ్లు ఇంకెవరూ ఉండరు కాబట్టి, తడబడకుండా చెప్పాలి.

నీ కమిటీ రోజుకి మేం ముగ్గురం బస్సెక్కి వస్తున్నాం. పెట్టె కూడా తెస్తున్నాం. ఆధారాలు అక్కడే కూర్చుని మాట్లాడతాయని చెప్పు.

నీ కింద పనిచేసే
వడ్రంగి

తా.క. కొవ్వొత్తుల ఆయన్ని. చేతులకి మైనమని ఇన్నాళ్లూ అమ్మాయి చేత రాయించాను, ఇది నా సొంత చేత్తో రాస్తున్నాను. నీకు ఓటు ముందు వేసింది నేను.

మరో తా.క. కోడలిని. మీ కమిటీలో ఎవరెవరి ఎత్తు ఎంతో కాస్త ముందుగా రాసి పంపండి. సంఘంలో భుజాలు ఇంకా తక్కువగానే ఉన్నాయి. మీరు పరీక్షలో నెగ్గినా నెగ్గకపోయినా, మోసే భుజాలు దొరక్కుండా అక్కణ్నుంచి తిరిగి రాకూడదని మామయ్యగారూ నాన్నా అనుకుంటున్నారు.