మబ్రూకమ్మ ఆడిన నాలుగు నిమిషాలు

జాబ్రియా, కువైట్
6 నవంబరు 2025

చిరంజీవి శివపార్వతిని అమ్మ మనసారా దీవించి రాసే సంగతులు.

ఇక్కడ నేను క్షేమమే, మోకాళ్లు మాత్రం నా మాట వినడం మానేశాయి. అక్కడ నువ్వు వేళకి తింటున్నావనే అనుకుంటాను, తినవని తెలిసినా. ఈ ఉత్తరం ఫింటాస్‌లో ఉండే మన రమేష్‌బాబు తెస్తాడు. సెలవు మీద ఊరికెళ్తూ హైదరాబాదులో దిగుతున్నాడు. ఈ రోజుల్లో ఉత్తరమేంటండీ అక్కా, వాట్సాప్‌లో వాయిస్ పెట్టెయ్యండి అని నవ్వాడు. నవ్వనీ. వారం రోజులుగా నీ ఫోను ఎత్తనిది అందుకే. ఎత్తితే నీ సంతోషం వినాలి, విన్నాక ఈ మాట నా నోట రాదు.

మబ్రూకమ్మ పోయింది. పోయిన గురువారం, నేను గంజి కలిపి తెచ్చేలోపే. అసలు పేరు మబ్రూకా, నా నోటికి మబ్రూకమ్మ అయింది. ఇంటి యజమానురాలు మామా ఏడ్చింది, మామా భర్త ఇంకా ఏడ్చాడు. ఆయన్ని ఎత్తుకు పెంచింది ఆవిడే మరి. ఆవిడ అమ్మమ్మని ఆఫ్రికా నుంచి ఓడలో పట్టుకొచ్చారట. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరూ గట్టిగా అనరు. నాలుగేళ్లు ఆవిడకి నీళ్లు పోసి తల దువ్వాను. నా సొంత మనిషి పోయినట్టే ఉందమ్మా.

ఆవిడ మనవరాలి పెళ్లినాడు ఆడవాళ్ల హాలు గుమ్మంలో మామా నన్నే నిలబెట్టింది. వచ్చినవాళ్ల ఫోన్లన్నీ తీసుకుని, సంచిలో వేసి, చీటీ కట్టడం నా పని. లోపల ముసుగులు తీసేసి ఆడతారు, ఒక్క ఫోటో కూడా బయటికి పోకూడదు. అందరి ఫోన్లూ తీసుకున్నాను, నాది ఎవరూ అడగలేదు. కంచే చేను మేసింది. డెబ్బై అయిదేళ్ల మనిషి, డప్పు వినపడగానే చేతికర్ర పడేసి, చెప్పులు విడిచి, భుజాలు అదిలిస్తూ మధ్యలోకి వెళ్లిపోయింది. తలుపు సందులోంచి నాలుగు నిమిషాలు తీశాను. నీ నాట్యాల చదువుకి పనికొస్తుందనే తీశాను.

ఆ నాలుగు నిమిషాల గురించి నువ్వు రాసి పంపిందే నీకు సీటు తెచ్చింది. ఆఫ్రికా నుంచి దేశాలు పట్టిపోయిన వాళ్ల నాట్యాల మీద ఫ్రాన్సులో సభ అన్నావు. మొత్తం ఆరుగురు విద్యార్థులకే టికెట్టు, గది, భోజనం వాళ్లే చూసుకుంటారన్నావు. అందులో నువ్వొకతెవని చెప్పిన రోజు వంటింట్లో గంతులేశాను. నీకు పిచ్చి పట్టిందా అంది మామా. ఇరవయ్యో తారీకులోగా ఆ వీడియో సభవాళ్లకి పంపాలి కదూ?

పంపకమ్మా. ఇది చెప్పడానికే ఇంత రాశాను. ఆవిడ వేలిముద్ర వేసిన అనుమతి కాగితం ఉందిగా అంటావు. ఉంది. అయినా పంపకు. మనిషి పోయి నలభై రోజులైనా కాలేదు, అప్పుడే తెర మీద ఆడించడం నాకు బాధగా ఉంది. వీడియో లేకపోతే నీ సీటు వరుసలో ఉన్న ఇంకొకరికి పోతుందన్నావు, మర్చిపోలేదు. ఎదిగే పిల్ల నోటి దగ్గర కూడు లాగేస్తున్నానని తెలుసు. తిట్టుకో. తిట్టుకున్నాక అన్నం తిను.

నీ మేలు కోరబోయి ఇంత చేసిన
మీ అమ్మ
విజయదుర్గ

తా.క. పైన రాసింది చదువుకుంటే నాకే సిగ్గేసింది. నలభై రోజుల మాట ఉత్త సాకు. నువ్వు పంపిన కాగితం పట్టుకుని మబ్రూకమ్మని రెండుసార్లు అడిగాను. అప్పటికే తీసేశానని చెప్పలేదు, నీ ఆట వీడియో తీసి మా అమ్మాయికి పంపనా అని మాత్రమే అడిగాను. వద్దంది. చనిపోయిన మా అమ్మ నాలోకి వస్తేనే ఆడతాను, పరాయివాళ్లు చూడకూడదు, ఖలాస్, ఇంక అడగొద్దు అంది. పోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకుని, ఆనాడు ఎవరూ తియ్యలేదు కదా దుర్గా అని అడిగింది. లేదని నీ మీద ఒట్టేశాను. ఆ కాగితం మీద వేలిముద్ర నాది, తల్లీ. దాని కింద, ఆవిడ ఇష్టపడే ఒప్పుకుందని నా మాట నమ్మి సంతకం పెట్టింది నువ్వు.